కాల్‌సైన్ కాదు, వచ్చిన దారి చూడాలి: ఒక ప్యాకెట్ రేడియో నోడ్‌లో యూజర్ యాక్సెస్ సరిచేసిన కేసు

హామ్ (అమెచ్యూర్) రేడియోలో కంప్యూటర్ సమాచారాన్ని ముక్కలుగా పంపే పద్ధతి ప్యాకెట్ రేడియో. పిలిచినవాళ్లని ఇతర స్టేషన్లకి కలిపే యంత్రం నోడ్. లైసెన్సుతో వచ్చే స్టేషన్ పేరు కాల్‌సైన్. సమస్య బయటపడింది ఒక ఎస్‌ఎస్‌ఐడీ వల్ల, అంటే కాల్‌సైన్ చివర తగిలించే 0 నుంచి 15 దాకా అంకె వల్ల. క్లబ్ సభ్యుడొకరి కాల్‌సైన్ చివర 15 తగిలించుకుని రెండు మీటర్ల బ్యాండ్‌లో ప్యాకెట్లు వెళ్తున్నాయి. ఆ సమయంలో ఆయన రేడియో కట్టేసి ఉంది. ఆ ప్యాకెట్లు పంపుతున్నది క్లబ్ నోడే. ఇంటర్నెట్‌లో ఎవరో నోడ్ టెల్‌నెట్ పోర్టుకి (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే ద్వారం) వచ్చి, లాగిన్ దగ్గర ఆయన కాల్‌సైన్ కొట్టి, అక్కడినుంచి రేడియో మీద ఇంకో స్టేషన్‌కి కనెక్ట్ కొట్టారు. నోడ్ తన యూజర్ తరఫున బయటికి పిలిచేటప్పుడు ఎస్‌ఎస్‌ఐడీని తిరగేస్తుంది: 0 ఉంటే 15, 1 ఉంటే 14. యూజర్ సొంత స్టేషన్ కూడా అదే ఫ్రీక్వెన్సీలో ఉంటే రెండు చిరునామాలు కలిసిపోకూడదని ఆ ఏర్పాటు. ఇక్కడ మాత్రం అదే ఆనవాలుగా పనికొచ్చింది.

ప్యాకెట్ రేడియో ప్రోటోకాల్ ఏఎక్స్.25. దాని ఫ్రేమ్‌లో (గాలిలో వెళ్లే ఒక్కో ప్యాకెట్) పంపేవాళ్ల చిరునామా మొత్తం ఏడు బైట్లు. ఆరింటిలో కాల్‌సైన్, ఏడోదాంట్లో ఎస్‌ఎస్‌ఐడీ. టీఎన్‌సీలో (రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే ప్యాకెట్ మోడెమ్) మైకాల్, అంటే సొంత కాల్‌సైన్ దగ్గర ఏది కొడితే అదే గాలిలోకి వెళ్తుంది. 1984 నాటి వెర్షన్ 2.0లో గానీ, 1998 నాటి 2.2లో గానీ ఆ కాల్‌సైన్ నిజంగా ఆ మనిషిదేనా అని తేల్చే ఏర్పాటు లేదు. ఎన్‌క్రిప్ట్ చేసి పంపుదామంటే నిబంధనలు ఒప్పవు. ఐటీయూ రేడియో నిబంధనల 25వ ఆర్టికల్ వివిధ దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య అర్థాన్ని దాచే ఎన్‌కోడింగ్ వద్దంది. ఉపగ్రహాలకు భూమ్మీది నుంచి ఇచ్చే కంట్రోల్ సిగ్నళ్లకే మినహాయింపు. కాబట్టి గాలిలో పాస్‌వర్డ్ పంపితే అది వినేవాళ్లందరి సొత్తు.

అందుకే ఈ కేసులో తీసుకున్న నిర్ణయం ఇది: మనిషి తానెవరని చెప్పుకున్నాడో దాన్నిబట్టి హక్కులు ఇవ్వం, ఏ దారిలో నోడ్‌లోకి వచ్చాడో దాన్నిబట్టి ఇస్తాం. రేడియో మీద వచ్చినవాళ్లు అప్పటికే తమ ట్రాన్స్‌మిటర్ వాడుతున్నారు, దాని బాధ్యత వాళ్ల లైసెన్సుది. తీగ మీద, అంటే నెట్‌వర్క్ నుంచి వచ్చినవాళ్లు మన ట్రాన్స్‌మిటర్ వాడతారు, బాధ్యత క్లబ్ లైసెన్సు మీద పడుతుంది. కింద ఉన్న ప్రతి అంకె వెనకా ఈ తేడానే ఉంది.

స్టేషన్ అమరిక

డెబియన్ నడుస్తున్న రాస్ప్‌బెరీ పై, సీఎం108 చిప్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, రెండు మీటర్ల ఎఫ్‌ఎం రేడియో, 1200 బాడ్. సౌండ్ కార్డులోని జీపీఐఓ కాలుతోనే పీటీటీ (రేడియోని ప్రసారానికి మార్చే మీట). మోడెమ్ పని డైర్‌వుల్ఫ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఏఎక్స్.25 లింకు లైనక్స్ కెర్నెల్ చూసుకుంటుంది. వచ్చిన కనెక్షన్లను ఏఎక్స్25డీ అనే ప్రోగ్రామ్ అందుకుని లైనక్స్ నోడ్ ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది. యూఆర్‌ఓనోడ్ అనే ఇంకో నోడ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి కూడా హక్కుల ఫైల్ దాదాపు ఇలాగే ఉంటుంది.

ఈ రాతలో కమాండ్లు, ఫైలు పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. అసలు కాల్‌సైన్ బదులు ‘క్లబ్’ అని రాశాం: క్లబ్-1 రేడియో పోర్టు, క్లబ్-7 నోడ్, క్లబ్-8 నెట్‌రామ్ (నోడ్‌ల మధ్య దారి చూపే ప్రోటోకాల్). మూడూ వేర్వేరుగా ఉండాలి. రేడియో పోర్టుకీ నోడ్‌కీ ఒకే ఎస్‌ఎస్‌ఐడీ ఇస్తే లాగ్ చదివేటప్పుడు ఎవరు ఎవరికి జవాబిచ్చారో తెలియదు.

పరిశీలనలో నాలుగు తప్పులు దొరికాయి. ఒకటి, ఏఎక్స్25డీ కాన్ఫిగ్‌లో నోడ్‌తో పాటు ఇంకో ఎస్‌ఎస్‌ఐడీకి ఏఎక్స్‌స్పాన్ (రేడియో మీద లైనక్స్ లాగిన్ ఇచ్చే ప్రోగ్రామ్) కట్టి ఉంది, దాని కాన్ఫిగ్‌లో ‘క్రియేట్ యెస్’ ఉంది. అంటే కొత్త కాల్‌సైన్‌తో ఎవరు పిలిచినా లైనక్స్‌లో వాళ్లకో ఖాతా పుడుతుంది, కమాండ్లు నడిపే షెల్ చేతికొస్తుంది. రెండు, నోడ్ టెల్‌నెట్ పోర్టు 3000 రౌటర్ నుంచి బయటి ప్రపంచానికి తెరిచి ఉంది. మూడు, హక్కుల ఫైల్ ఎప్పటిదో నమూనా, అంకెలు మార్చకుండా అలాగే దించారు. నాలుగు, సిసాప్ (నోడ్ నిర్వాహకుడు) లైన్‌లో రకం దగ్గరా పోర్టు దగ్గరా నక్షత్రం ఉంది, పక్కన పాస్‌వర్డ్. అంటే సిసాప్ రేడియో మీద వచ్చినా నోడ్ అదే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆయన దాన్ని గాలిలో కొట్టాలి.

ఏఎక్స్‌స్పాన్‌ని మొత్తంగా తీసేశాం. రేడియో మీద షెల్ ఎవరికీ అవసరం లేదు. సిసాప్‌కి కూడా లేదు.

ముందు మోడెమ్

హక్కుల జోలికి వెళ్లేముందు లింకు నిలకడగా ఉండాలి. లేకపోతే హక్కు లేక తెగిందో, సిగ్నల్ లేక తెగిందో తేలదు.

డైర్‌వుల్ఫ్‌ని -పీ తో మొదలుపెడితే టెంప్ డైరెక్టరీలో కిస్‌టీఎన్‌సీ అనే పేరుతో ఒక సీరియల్ ద్వారం కనిపిస్తుంది. దాన్ని కిస్‌ఎటాచ్‌తో ఏఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లోని పోర్టుకి తగిలించాలి. ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా చిక్కుకునే చోటు ఒకటుంది. కెర్నెల్‌లోని ఎంకిస్ డ్రైవర్ ఎదుటి టీఎన్‌సీకి సీఆర్‌సీ (తప్పు పట్టే లెక్క) వచ్చో రాదో తెలుసుకోవాలని మొదట్లో కొన్ని ఫ్రేములు వేరే గుర్తుతో పంపుతుంది. డైర్‌వుల్ఫ్ ఆ గుర్తుని ఛానెల్ నంబర్ అనుకుని, ఛానెల్ 8 లేదా 2 చెల్లదని ఎర్రర్ రాసి ఆ ఫ్రేమును పారేస్తుంది. యూజర్‌కి కనిపించేది మొదటి కనెక్ట్ పోవడం, తర్వాతది పనిచేయడం. మందు చిన్నదే: కిస్‌ఎటాచ్ అయిన వెంటనే కిస్‌పార్మ్స్ -సీ 1 -పీ తర్వాత పోర్టు పేరు. దీన్ని బూట్ స్క్రిప్టులోనే పెట్టాలి.

అందుకునే ఆడియో స్థాయి డైర్‌వుల్ఫ్ తెరమీద 50 దరిదాపుల్లో ఉండాలి. రేడియో స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసే ఏర్పాటు) పూర్తిగా తెరిచి ఉంచాలి, ఛానెల్ ఖాళీగా ఉందో లేదో డైర్‌వుల్ఫ్ సిగ్నల్ చూసి తనే తేల్చుకుంటుంది. స్క్వెల్చ్ బిగిస్తే ప్రతి ప్యాకెట్ మొదటి ముక్క కోసుకుపోతుంది.

తర్వాత గాలిలో పట్టే కాలం. కెర్నెల్ సహజ విలువ ప్రకారం ప్యాకెట్‌లో 256 బైట్ల సరుకు ఉంటుంది. దానికి చిరునామా, కంట్రోల్, పీఐడీ కలిపి 16 బైట్లు, తప్పు పట్టే ఎఫ్‌సీఎస్ 2, ముందూ వెనకా జెండాలు 2. మొత్తం 276 బైట్లు, అంటే 2208 బిట్లు. 1200 బాడ్‌లో 1.84 సెకన్లు. ఒక్క బిట్ చెడినా మొత్తం మళ్లీ పంపాలి. 128కి తగ్గిస్తే 148 బైట్లు, ఒక సెకను లోపే అయిపోతుంది. విండో (జవాబు కోసం ఆగకుండా పంపే ప్యాకెట్లు) 2 అనుకుంటే 300 మిల్లీసెకన్ల టీఎక్స్‌డిలేతో (ప్రసారం మొదలయ్యాక సమాచారం పంపే ముందు ఆగే కాలం) కలిపి ఒక విడతకి 4 సెకన్ల బదులు 2.3 సెకన్లు. పది మంది పంచుకునే ఛానెల్‌లో ఈ తేడా చాలా పెద్దది. ఏఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో ప్యాకెట్ పొడవు 128, విండో 2 అని రాశాం.

పెర్సిస్ట్ 63 అంటే స్లాట్ (పంపాలా వద్దా తేల్చుకునే చిన్న వ్యవధి) వచ్చినప్పుడల్లా పంపే అవకాశం నాలుగింట ఒకటి, ఎందుకంటే లెక్క 63కి ఒకటి కలిపి 256తో భాగించడం. ఒకరినొకరు వినలేని స్టేషన్లు ఎక్కువైతే 31కి దించాలి, అప్పుడు ఎనిమిదింట ఒకటి. స్లాట్‌టైమ్ 100 మిల్లీసెకన్లు. ఈ విలువలు నోడ్‌లో మార్చి ఊరుకుంటే ప్రయోజనం సగమే, యూజర్లందరూ అవే పెట్టుకోవాలి. ఒక్క స్టేషన్ పెర్సిస్ట్ 255తో కూర్చుంటే మిగతావాళ్ల మర్యాదంతా వృథా.

రేడియో తలుపు

ఏఎక్స్25డీ కాన్ఫిగ్‌లో నోడ్ భాగం తల ఇలా ఉంటుంది: చదరపు బ్రాకెట్లలో ‘క్లబ్-7 వయా వీహెచ్‌ఎఫ్’ (వీహెచ్‌ఎఫ్ అనేది రేడియో పోర్టు పేరు). దాని కింద ఒక్కో లైనుకి ఒక్కో పిలిచే స్టేషన్, చివర ‘డిఫాల్ట్’. లైనులో వరుసగా కాల్‌సైన్, విండో, టీ1 (జవాబు రాకపోతే మళ్లీ పంపే ముందు ఆగే కాలం), టీ2, టీ3, ఐడిల్, ఎన్2 (ఎన్నిసార్లు మళ్లీ పంపాలో), తర్వాత గుర్తులు, ఆపైన ఏ యూజర్‌గా ఏ ప్రోగ్రామ్ నడపాలో. అంకె వద్దనుకున్న చోట నక్షత్రం.

నోకాల్ * * * * * * ఎల్
పీకే232 * * * * * * ఎల్
పీఎంఎస్ * * * * * * ఎల్
డిఫాల్ట్ * * * * * * 0 రూట్ /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్/ఏఎక్స్25-నోడ్ నోడ్

మొదటి మూడూ కొత్తగా కొని మైకాల్ మార్చకుండా ఆన్ చేసిన టీఎన్‌సీల పేర్లు. ఇద్దరు నోకాల్‌తో వస్తే లింకు ఇద్దరినీ ఒకరే అనుకుంటుంది, ఒకరి జవాబు ఇంకొకరికి పోతుంది. కాల్‌సైన్ పక్కన ఎస్‌ఎస్‌ఐడీ రాయకపోతే 0 నుంచి 15 దాకా అన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి ఒక్క లైను చాలు.

ఎల్ అంటే ఈ స్టేషన్‌ని రానివ్వొద్దని; ఆ గుర్తు ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి. కెర్నెల్ ముందు కనెక్షన్‌ని ఒప్పుకుంటుంది, ఆ తర్వాతే ఏఎక్స్25డీ లైను చూసి తెంపుతుంది. నిషేధించిన స్టేషన్ తెరమీద ‘కనెక్టెడ్’ అని వచ్చి వెంటనే ‘డిస్‌కనెక్టెడ్’ అని వస్తుంది. అది లోపం కాదు. కానీ ఆ స్టేషన్ తనంతట తాను మళ్లీ మళ్లీ పిలిచే అమరికలో ఉంటే గాలిలో కాలం మాత్రం పోతూనే ఉంటుంది. అలాంటివాళ్లకి ఫోన్ చేసి చెప్పడమే మార్గం.

గుర్తుల్లో వీ అనేది కాల్‌సైన్ సరిచూడటానికని డాక్యుమెంటులో ఉంటుంది, పక్కనే మద్దతు లేదని కూడా ఉంటుంది. మొదటి సగం చదివి వీ పెట్టి నిశ్చింతగా ఉండొద్దు, అది ఏమీ చేయదు. డీ పెడితే డిజిపీటర్ (ప్యాకెట్లని అందుకుని తిరిగి పంపే స్టేషన్) మీదుగా వచ్చినవాళ్లు ఆగిపోతారు. ఛానెల్ రద్దీగా ఉన్న ఊళ్లో అది మంచి పని. ఈ నోడ్‌కి కొండ అవతలివాళ్లకి డిజిపీటర్ తప్ప వేరే దిక్కు లేదు, అందుకని పెట్టలేదు.

బలహీనంగా వినిపించే స్టేషన్‌కి విడిగా ఒక లైను రాసి విండో 1 ఇవ్వవచ్చు. టీ1 మారుస్తుంటే ప్రమాణం చూసుకోవాలి: ఈ ఫైల్‌లో టీ1 అరసెకన్లలో, ప్రోక్ డైరెక్టరీ కింద కెర్నెల్ విలువలు మిల్లీసెకన్లలో. అక్కడ 10000 అని చూసి ఇక్కడ 10 అని రాస్తే పది సెకన్లు కాదు, ఐదే. డిజిపీటర్ మీదుగా వచ్చేవాళ్లకి ఐదు సెకన్లు చాలవు. జవాబు దారిలో ఉండగానే నోడ్ మళ్లీ పంపుతుంది, రెండూ ఢీకొంటాయి.

కాల్‌సైన్ ఆకారం చూసి వడపోసే స్క్రిప్టు పెట్టాలన్న ఆలోచన వచ్చింది: వీయూ, ఒక అంకె, రెండు మూడు అక్షరాలు. వద్దనుకున్నాం. భారతదేశానికి కేటాయించిన వరుసలు ఏటీ నుంచి ఏడబ్ల్యూ, వీటీ నుంచి వీడబ్ల్యూ, 8టీ నుంచి 8వై దాకా ఉన్నాయి. ప్రత్యేక సందర్భాల స్టేషన్లు వాటిలోనూ వస్తాయి, సరిహద్దు దాటి వచ్చే పొరుగువాళ్లూ ఉంటారు. అబద్ధం చెప్పదలచుకున్నవాడు ఎలాగూ సరైన ఆకారంలోనే చెబుతాడు. ఆరు అక్షరాలు మించిన ప్రత్యేక కాల్‌సైన్ ఏఎక్స్.25 చిరునామాలో అసలు పట్టదన్నది వేరే సంగతి, వాళ్లు ప్యాకెట్‌కి మామూలు కాల్‌సైన్ వాడుకోవాలి.

నెట్‌లో కాల్‌సైన్ పుస్తకం చూసి లోపలికి రానిచ్చే పద్ధతి ఇంకా పెద్ద పొరపాటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడ్డప్పుడు కరెంటు, ఫోన్లు ఒక్కసారే పోయాయి. ప్యాకెట్ నోడ్ అక్కరకొచ్చే రోజు అదే. ఆ రోజు ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకునే తలుపు దండగ.

హక్కుల ఫైల్

ఈ కేసులో అసలు పని ఇక్కడే. నోడ్.పెర్మ్స్ ఫైల్‌లో ఒక్కో లైనులో ఐదు గడులు: యూజర్, రకం (వచ్చిన దారి), పోర్టు, పాస్‌వర్డ్, హక్కు. హక్కు అన్నది కొన్ని అంకెల మొత్తం. లోపలికి రావడానికి 1. బయటికి ఏఎక్స్.25 కనెక్ట్‌కి 2. నెట్‌రామ్ కనెక్ట్‌కి 4. స్థానిక యంత్రాలకి టెల్‌నెట్ 8. అమెచ్యూర్ 44 నెట్‌వర్క్‌కి (44తో మొదలయ్యే ఐపీ చిరునామాలు) టెల్‌నెట్ 16. మిగతా ఇంటర్నెట్‌కి టెల్‌నెట్ 32. దాచిన పోర్టుల మీద కనెక్ట్‌కి 64. నమూనాలో కనిపించే 31 అంటే 1, 2, 4, 8, 16 కలిపినది: ఇంటర్నెట్ గేట్‌వే, దాచిన పోర్టులు తప్ప అన్నీ.

సరిచేసిన ఫైల్ ఇది. ‘సిసాప్’, ‘సభ్యుడు’ అన్న చోట అసలు కాల్‌సైన్లు ఉంటాయి. రకాల్లో హోస్ట్ అంటే నోడ్ యంత్రం మీదినుంచే, లోకల్ అంటే లోపలి నెట్‌వర్క్, ఆంపర్ అంటే 44 నెట్‌వర్క్, ఐనెట్ అంటే మిగతా ఇంటర్నెట్. 255 అంటే అన్ని హక్కులూ.

నోకాల్ * * * 0
పీకే232 * * * 0
పీఎంఎస్ * * * 0
సిసాప్ హోస్ట్ * * 255
సిసాప్ లోకల్ * పాస్‌వర్డ్ 127
సభ్యుడు లోకల్ * పాస్‌వర్డ్ 15
* ఏఎక్స్25 * * 15
* నెట్‌రామ్ * * 15
* లోకల్ * * 9
* ఆంపర్ * * 9
* ఐనెట్ * * 0

పైనుంచి చదువుతూ సరిపోయిన మొదటి లైను దగ్గర ఆగుతుంది. నక్షత్రం లైన్లు పైన, నిషేధాలు కింద పెడితే నిషేధాలు ఎప్పటికీ పనిచేయవు. ఫైల్ తెరిస్తే అన్నీ కళ్లముందే ఉంటాయి కాబట్టి ఈ తప్పు చూపుకి ఆనదు.

రేడియో మీద వచ్చినవాళ్లకి 15. లోపలికి రావచ్చు, ఇంకో స్టేషన్‌కి వెళ్లవచ్చు, నెట్‌రామ్‌లో పక్క నోడ్‌లకి వెళ్లవచ్చు, క్లబ్ బీబీఎస్ (సందేశాల బోర్డు) చదవవచ్చు. 32 వీళ్లలో ఎవరికీ లేదు. రేడియో నుంచి బయటి ఇంటర్నెట్‌కి టెల్‌నెట్ ఇస్తే అవతలి సర్వర్ ఏం పంపితే అది మన ట్రాన్స్‌మిటర్ ప్రసారం చేస్తుంది: వ్యాపార ప్రకటనలు, ఇంకొకరి ఉత్తరాలు, ఏదైనా. దాన్ని వడపోయడం ఎవరి తరమూ కాదు.

తీగ మీద పాస్‌వర్డ్ లేకుండా వచ్చేవాళ్లకి 9, అంటే 1, 8. బీబీఎస్ చదువుకోవచ్చు, ట్రాన్స్‌మిటర్ ముట్టుకోలేరు. 2, 4 లేకపోవడమే ఇక్కడ కీలకం. లైసెన్సు కాపీ క్లబ్‌లో ఇచ్చిన సభ్యుడికి పేరుతో లైను, పాస్‌వర్డ్, 15. ఆ లైనులో రకం తప్పనిసరిగా ‘లోకల్’ అని ఉండాలి. నక్షత్రం పెడితే ఆయన రేడియో మీద వచ్చినా పాస్‌వర్డ్ అడిగి గాలిలో కొట్టిస్తుంది. ఇప్పుడు ఆయన రేడియో మీద వస్తే ఈ లైను సరిపోదు, కిందికి జారి అందరిలాగే ఏఎక్స్25 లైనులో 15 పొందుతాడు.

పాస్‌వర్డ్‌లు ఈ ఫైల్‌లో ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. యజమాని రూట్, మోడ్ 600. క్లబ్ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఇది ఉండకూడదు.

సిసాప్ పని రేడియో మీద పూర్తిగా ఆపేశాం, లోపలి నెట్‌వర్క్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసిన లాగిన్) మాత్రమే. కొండ మీద ఉండి తీగ దారి లేని నోడ్‌లకి వేరే ఉపాయం కావాలి. లిన్‌బీపీక్యూ అనే ఇంకో నోడ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పద్ధతి ఆ పనికి బాగుంది: నోడ్ ఐదు అంకెలు పంపుతుంది, సిసాప్ తన దగ్గరున్న పొడవాటి వాక్యంలో ఆ స్థానాల్లోని ఐదు అక్షరాలు తిప్పి పంపుతాడు. ప్రతిసారీ అంకెలు మారతాయి. ఇది ఎన్‌క్రిప్షన్ కాదు, ప్రసారంలో దాచిన అర్థమేదీ లేదు. అయితే రోజూ వినేవాడికి వాక్యం కొంచెం కొంచెంగా చిక్కుతుంది, అందుకని వాక్యాన్ని మారుస్తూ ఉండాలి.

‘లోకల్’ అని ఎవరిని అంటుందో

రకం చూసి హక్కు ఇస్తున్నప్పుడు ఆ రకాన్ని నోడ్ ఎలా తేలుస్తుందన్నదే ప్రాణం. ఇక్కడ మూడు గోతులు ఉన్నాయి.

మొదటిది నోడ్.కాన్ఫ్‌లోని లోకల్‌నెట్. నమూనాలో ఉన్న విలువ ఎవరో వేరే దేశపు హామ్ నెట్‌వర్క్‌ది. దాన్ని మార్చకపోతే క్లబ్ గదిలో కూర్చున్నవాళ్లు ‘ఐనెట్’ కింద లెక్క, హక్కు 0. ఇక్కడ 192.168.10.0/24 అని రాశాం.

రెండోది రౌటర్. కొన్ని రౌటర్లు పోర్టు ఫార్వర్డ్ చేసేటప్పుడు పంపినవాళ్ల చిరునామా తీసేసి తమది పెడతాయి. అప్పుడు ప్రపంచంలో ఎక్కడినుంచి వచ్చినా నోడ్‌కి 192.168.10.1 నుంచి వచ్చినట్టే, అంటే లోకల్. గాలిలో దొంగ కాల్‌సైన్ వెళ్లింది ఈ దారినే. కనిపెట్టడం తేలిక: నోడ్.కాన్ఫ్‌లో లాగ్‌లెవెల్ 3 పెట్టి, మొబైల్ డేటా నుంచి ఒకసారి లాగిన్ అయి, లాగ్‌లో ఏ చిరునామా పడిందో చూడటమే. రౌటర్ చిరునామా పడితే హక్కుల ఫైల్ ఎంత చక్కగా రాసినా వృథా. ఫార్వర్డ్ తీసేశాం. ఇంటినుంచి రావలసిన సభ్యులకి వైర్‌గార్డ్ (ఎన్‌క్రిప్ట్ చేసే వీపీఎన్) ఇచ్చాం. దాని ఎన్‌క్రిప్షన్ ఇంటర్నెట్ తీగ మీద మాత్రమే, రేడియో దగ్గరికి రాదు, కాబట్టి నిబంధనలకి అడ్డం కాదు.

మూడోది 44. అమెచ్యూర్ సేవకి 1981లో కేటాయించిన 44.0.0.0/8లో 44.192.0.0/10 ముక్కని 2019లో అమెజాన్‌కి అమ్మేశారు. ఇప్పుడు హామ్‌లకి మిగిలింది 44.0.0.0/9, 44.128.0.0/10. కానీ అంతకుముందు రాసిన కోడ్‌కి, కాన్ఫిగ్‌లకి 44తో మొదలైతే చాలు, హామ్ అనే లెక్క. 44.192 నుంచి 44.255 దాకా ఉన్న చిరునామాలు ఇప్పుడు క్లౌడ్‌లో అద్దెకి దొరుకుతాయి. నమూనాలోని ‘ఆంపర్ 31’ లైను అలాగే ఉంచితే గంటల లెక్కన సర్వర్ అద్దెకి తీసుకున్న ఎవరికైనా మన ట్రాన్స్‌మిటర్ మీద కనెక్ట్ హక్కు ఇచ్చినట్టే. అందుకే ఆంపర్‌కి 9. పైగా లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో పోర్టు 3000కి లోపలి నెట్‌వర్క్, వైర్‌గార్డ్, పై రెండు 44 ముక్కలు తప్ప మిగతావన్నీ పారేసే నియమం పెట్టాం. వైర్‌గార్డ్‌కి ఇచ్చిన చిరునామాలు లోకల్‌నెట్ పరిధిలోకి రావాలి, లేకపోతే ఇంటినుంచి వచ్చిన సభ్యుడు ఐనెట్ లైనుకి తగిలి ఆగిపోతాడు.

నోడ్ యంత్రం మీద లైనక్స్ ఖాతాలున్నవాళ్లు

ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చి ఏఎక్స్‌కాల్ (రేడియో మీద స్టేషన్లని పిలిచే కమాండ్) వాడేవాళ్లకి వేరే తాళం ఉంది. ఏఎక్స్‌పార్మ్స్ -అసోక్ కాల్‌సైన్ యూజర్‌పేరు అని కొడితే ఆ లైనక్స్ ఖాతా ఏ ప్రోగ్రామ్ నడిపినా ఆ కాల్‌సైన్‌తోనే బయటికి వెళ్తుంది. ఏఎక్స్‌పార్మ్స్ -అసోక్ పాలసీ డెనై అంటే ముడి వేయని ఖాతాలకి ఏఎక్స్.25 వాడకమే లేదు, ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. ఈ కేసులో కాల్‌సైన్‌కీ మనిషికీ గట్టిగా ముడిపడిన చోటు ఇదొక్కటే, ఎందుకంటే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ముందే మనిషిని తేల్చింది.

అయితే రూట్‌కి మాత్రం ఎప్పుడూ ముడి వేయకూడదు. సిసాప్ కాల్‌సైన్‌ని రూట్‌కి కట్టడం సహజంగా తోచే పనే. కట్టిన మరుక్షణం ఏఎక్స్25డీని మళ్లీ మొదలుపెడితే నోడ్ మూగబోతుంది. కారణం కెర్నెల్‌లో ఉంది: ముడి ఉన్న యూజర్ సాకెట్ తెరిచినప్పుడు ప్రోగ్రామ్ అడిగిన చిరునామాని పక్కనపెట్టి, ముడిలో ఉన్న కాల్‌సైన్‌నే పెడుతుంది. ఏఎక్స్25డీ నడిచేది రూట్‌గా. క్లబ్-7 కోసం వినాల్సింది సిసాప్ కాల్‌సైన్ కోసం వింటూ కూర్చుంటుంది. ముడి లేని రూట్‌కి డెనై పాలసీ అడ్డు రాదు, నెట్‌వర్క్ అడ్మిన్ హక్కు ఉన్న ప్రాసెస్‌లని కెర్నెల్ వదిలేస్తుంది.

ఈ లోపాన్ని ఏఎక్స్‌లిసన్ -ఏ (వచ్చే, పోయే ప్యాకెట్లని చూపే కమాండ్) తెరమీద గుర్తుపట్టవచ్చు. యూజర్ పంపిన ఎస్‌ఏబీఎం (కనెక్ట్ అభ్యర్థన) కనిపిస్తుంది, జవాబు శూన్యం, పదిసార్లు అడిగి యూజర్ మానుకుంటాడు. పోర్టు సొంత కాల్‌సైన్ క్లబ్-1ని పిలిస్తే మాత్రం డీఎం (కనెక్షన్ కుదరదన్న జవాబు) వస్తుంది. డీఎం వచ్చిందంటే రేడియో, మోడెమ్, కెర్నెల్ బాగున్నాయి, ఆ పేరుతో వినే ప్రోగ్రామే లేదు. కాబట్టి ‘నోడ్ పలకడం లేదు’ అని ఎవరు చెప్పినా మొదట క్లబ్-1ని పిలవమనాలి. యాంటెన్నా ఎక్కే పని చాలాసార్లు తప్పుతుంది.

యూజర్ల వైపు

వాళ్లకి ఇచ్చిన కాగితం ఒక పేజీ. విండోస్‌లో యూజెడ్7హెచ్‌ఓ సౌండ్‌మోడెమ్ లేదా డైర్‌వుల్ఫ్, దానిమీద క్యూటీటెర్మ్‌టీసీపీ. ఏజీడబ్ల్యూ పోర్టు 8000, కిస్ పోర్టు డైర్‌వుల్ఫ్‌లో 8001, సౌండ్‌మోడెమ్‌లో 8100. ప్యాకెట్ పొడవు 128, మాక్స్‌ఫ్రేమ్ (అంటే విండో) 2, టీఎక్స్‌డిలే 300 మిల్లీసెకన్లు.

వాక్స్ (శబ్దం రాగానే ప్రసారం మొదలుపెట్టే ఏర్పాటు) వాడొద్దని అందులో పెద్ద అక్షరాలతో రాశాం. చేతి రేడియోలకి కేబుల్ తగిలించి వాక్స్‌తో పని కానిచ్చేవాళ్లు ఎక్కువ. వాక్స్ మెల్లగా లేస్తుంది కాబట్టి ప్యాకెట్ తల పోతుంది. మాట ఆగాక కూడా కొంతసేపు పట్టుకుని ఉంటుంది కాబట్టి నోడ్ ఇచ్చిన జవాబు వినపడదు. టీఎక్స్‌డిలే పెంచితే మొదటి సమస్య తీరుతుంది, రెండోది తీరదు. పీటీటీ ఇచ్చే ఇంటర్‌ఫేసే కావాలి.

పంపే ఆడియో ఎక్కువ పెడితే ఎఫ్‌ఎం రేడియో తలలు నరికేస్తుంది, చెవికి బిగ్గరగా ఉంటుంది, నోడ్‌కి అర్థం కాదు. డీవియేషన్ 3 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో చాలు. కొలిచే పరికరం లేకపోతే ఆడియోని పెంచుకుంటూ వెళ్లి, వినే రేడియోలో ఇక శబ్దం పెరగని చోటునుంచి బాగా వెనక్కి తగ్గించాలి.

నోడ్ స్వాగత సందేశం 128 బైట్ల లోపు, ఒకే ప్యాకెట్. పాతదాంట్లో క్లబ్ చరిత్ర, పండగ శుభాకాంక్షలు అన్నీ ఉండేవి. వెయ్యి బైట్ల స్వాగతం అంటే ఎనిమిది ప్యాకెట్లు, అంతసేపూ ఛానెల్ మిగతావాళ్లకి మూసినట్టే. ఐడిల్‌టైమ్‌అవుట్ 600 సెకన్లు. కెర్నెల్ ఐడిల్ సహజంగా 0, అంటే ఎప్పటికీ తెంపదు. టీ3 మాత్రం ఐదు నిమిషాలకోసారి ‘ఉన్నావా’ అని అడుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ వదిలేసి భోజనానికి వెళ్లిన నలుగురు చాలు, ఛానెల్ రద్దీ కావడానికి.

పరీక్ష

నోకాల్ లాంటి పేర్లతో గాలిలో పరీక్షించకూడదు, అది గుర్తింపు లేని ప్రసారమే అవుతుంది. రెండో కంప్యూటర్‌లో డైర్‌వుల్ఫ్ పెట్టి, రెండు సౌండ్ కార్డులని ఆడియో కేబుల్‌తో అడ్డంగా కలిపి, పీటీటీ విప్పేసి చూడాలి. నిషేధించిన మూడు పేర్లు, ఒక సభ్యుడి కాల్‌సైన్, జాబితాలో లేని ఒక కాల్‌సైన్ పెట్టి ప్రతిదాంతో లోపలికి వచ్చి కనెక్ట్ కొట్టి చూడాలి. తర్వాత అదే వరుస లోపలి నెట్‌వర్క్ నుంచి, వైర్‌గార్డ్ నుంచి, మొబైల్ డేటా నుంచి. మొబైల్ డేటాకి పోర్టు 3000 అసలు కనిపించకూడదు. పాస్‌వర్డ్ లేని లోకల్ యూజర్ కనెక్ట్ కొట్టినప్పుడు అనుమతి లేదన్న మాట రావాలి, ఆ సమయంలో ఏఎక్స్‌లిసన్ తెర కదలకూడదు. నోడ్ ‘లేదు’ అని చెప్పినంత మాత్రాన నమ్మకుండా, ఫ్రేమ్ బయటికి వెళ్లలేదని కళ్లతో చూడాలి.

సభ్యుడి లైసెన్సు గడువు తీరితే పేరున్న లైను తీసేయాలి. అప్పుడు ఆయన తీగ మీద 9కి దిగుతాడు, చదవగలడు, ప్రసారం చేయలేడు. డెబియన్‌లో ప్యాకేజీలు నవీకరించేటప్పుడు కాన్ఫిగ్ ఫైల్ మార్చాలా అని అడిగితే ‘ఎన్’ కొట్టి పాతదే ఉంచాలి. నవీకరణ అయ్యాక నోడ్.పెర్మ్స్ ఒకసారి తెరిచి చివరి మూడు లైన్లు 9, 9, 0గానే ఉన్నాయో లేదో చూడాలి.